మట్టిబండి, బంగారుబండి

శూద్రకుని మృచ్ఛకటికము ఆరవ అంకమున ఒక పసివాని యేడుపు వినవచ్చును. చారుదత్తుని కుమారుడు రోహసేనుడు పొరుగింటి బాలుని బంగారుబండితో కొంతసేపు ఆడుకొనెను. ఆ బాలుడు తన బండిని తాను తీసికొనిపోయెను. దాసి రదనిక మట్టితో ఒక చిన్నబండిని చేసియిచ్చినది. పిల్లవాడు దానిని ఒల్లక, బంగారుదే కావలెనని మారాము చేయుచుండగా వసంతసేన చూచి, తన యాభరణములను ఒలిచి మట్టిబండిని నింపి, వీనితో బంగారుబండి చేయించుకొమ్మని ఇచ్చును. కడకు న్యాయస్థానమున చారుదత్తుని తలమీదికి వచ్చునవి ఆ నగలే. రసికుల దృష్టి సహజముగా వసంతసేన యౌదార్యము మీద నిలుచును. రదనిక చేతికి అంటిన మట్టి మీద నిలువదు. అయినను కవి తన నాటకమునకు పేరు పెట్టునపుడు బంగారుబండిని తలంపక మట్టిబండినే తలచెను.

పసిబిడ్డల యాటవస్తువుల చరిత్ర యంతయు ఈ రెండు బండ్ల నడుమ జరిగిన వివాదమని చెప్పినను తప్పులేదు. చూచుటకు, వినుటకు, తాకుటకు, వాసన చూచుటకు, రుచి చూచుటకు శిశువునకు ఏమి ఇయ్యవలెను? దానిని ఎవరు చేయవలెను? చేతిలో పైకము లేని యింట అది దొరకునా? ఈ ప్రశ్నలు ఇరువదవ శతాబ్దమున భారతదేశమున తీవ్రరూపము దాల్చినవి. వాని మూలములు మాత్రము చాల పాతవి.

సింధునాగరికత స్థలములైన మొహెంజొదారో, హరప్పాలలో త్రవ్వకములు జరిపిన వారికి కాల్చిన మట్టితో చేసిన చిన్న బండ్లు, పిట్ట యాకారమున నున్న ఈలలు, తల యాడించు ఎద్దుబొమ్మలు, లోపల చిన్న మట్టియుండలు గల బోలు గిలక్కాయలు దొరకినవి. నాలుగువేల యేండ్లకు పూర్వము ఒక బిడ్డ చెవికి వినిపించిన చప్పుడు ఆ గిలక్కాయలలో కొన్నింట నేటికిని వినిపించును. వానిలో కొన్నింటి మట్టిమీద వ్రేళ్ల గురుతులు కనబడును. చేసినవాడు కుమ్మరియో, తల్లియో, కొంచెము పెద్దదైన అక్కయో తేల్చి చెప్ప వలనుపడదు.

వ్రాతపూర్వకమైన శాస్త్రము చరకసంహితలో కనబడును. శారీరస్థానము ఎనిమిదవ అధ్యాయమున గర్భిణీరక్షణము, ప్రసవము, శిశువుండవలసిన గది మొదలగు విషయములను చెప్పిన పిదప ఆ వైద్యుడు బొమ్మల ప్రస్తావన తెచ్చును. అవి పలువిధములుగా నుండవలెను, ధ్వని చేయవలెను, కంటికి ఇంపుగా నుండవలెను; బరువైనవి కారాదు, మొన గలవి కారాదు, నోటిలో దూరునంత చిన్నవి కారాదు, ప్రాణాపాయము కలిగించునవి కారాదు, భయపెట్టునవి కారాదు. ఎనిమిది లక్షణములు, అందు మొదటి మూడును శిశువు కంటికి, చెవికి, మనస్సునకు పండుగ చేయునవి, కడపటి యైదును వానిని కాపాడునవి. బిడ్డ నోటితోడనే లోకమును పరీక్షించునను సంగతి ఆ వైద్యునకు బాగుగ తెలియును. ఆధునిక ప్రభుత్వములు ఆటబొమ్మలకు ఏర్పరచిన నిబంధనలలోను నోట దూరు చిన్న ముక్కల మాట, మొనదేలిన యంచుల మాట ముందు వరుసనే ఉండును. చరకుడు మరియొక మాటయు కలిపెను: బిడ్డ ఏడ్చుచున్నాడనియో, అన్నము తినకున్నాడనియో రాక్షసుల, పిశాచముల పేర్లు చెప్పి బెదరింపరాదు. బూచివానిని పిలిచి ముద్ద మ్రింగించు ఇల్లాండ్రు ఈ సూత్రమును వినియుండరు. వినినను పాటించియుండెడివారని చెప్పజాలము.

శాస్త్రమునకు ఎక్కని పరంపర ఇంతకంటె పెద్దది. పిండి కలుపునపుడు తల్లి ఒక ముద్దను విడదీసి ప్రక్కన కూర్చున్న బిడ్డ చేతికిచ్చును. వాడు దానిని నొక్కును, లాగును, నేలకు కొట్టును, నాకును. చేటలో బియ్యము చెరుగునపుడు ఆ చప్పుడునకు పాకుచు వచ్చును. స్నానపు తొట్టిలోని చెంబు, చెరువుగట్టు తడియిసుక, పాతచీర మెత్తదనము, గోనెసంచి గరుకుదనము, ఇవియన్నియు శిశువునకు పాఠములే. తాటియాకు గిలక్కాయ, కొబ్బరియాకు బూర, ముంజెకాయలను పుల్లకు గ్రుచ్చిన బండి తెలుగుదేశమున పైసా ఖర్చులేక పుట్టినవి. వంగదేశమున, కేరళమున, సింహళమున కూడ ఆయా చెట్లనుబట్టి ఇట్టివే కలవు. వీనిని ఎవరును విద్య యని పిలువలేదు. చేసినవారు వ్రాయలేదు, వ్రాయగలవారు చేయలేదు. ఆ కారణముచేతనే ఈ విద్య పందొమ్మిదవ శతాబ్దపు పాఠశాలలు వచ్చినపుడు గడప బయటనే నిలిచిపోయెను.

ఇంద్రియములకు శిక్షణ ఇయ్యవచ్చునని, దానికి ఉపకరణములు కావలెనని పశ్చిమఖండమున గట్టిగా చెప్పినవారు వైద్యులే యగుట గమనింపదగినది. ఫ్రాన్సుదేశమున అడవిలో దొరకిన బాలునకు 1800 ప్రాంతమున ఇటార్ అను వైద్యుడు స్పర్శ, ధ్వని, రుచి మొదలగువానితో విద్య నేర్పజూచెను. ఆయన శిష్యుడు సెగాఁ మందబుద్ధులైన పిల్లలకు ఆ మార్గమును విస్తరింపజేసెను. ఇటలీదేశపు వైద్యురాలు మరియా మాంటిసోరీ వారి గ్రంథములను చదివి, అదే మార్గమున సాధారణ శిశువులకును పాఠము చెప్పవచ్చునని తలచి, 1907 జనవరి 6వ తేదీన రోమునగరపు సాన్ లోరెంజో పేదవాడలో మొదటి శిశుగృహమును తెరచెను. ఒక సెంటిమీటరు మొదలు పది సెంటిమీటర్ల వరకు పెరుగు పది గులాబిరంగు ఘనములు, గుంటలలో సరిగ నమరు కొయ్య స్తంభములు, గరుకు-నునుపు పలకలు, జతజతలుగ మ్రోగు శబ్దపు డబ్బాలు ఆమె సామగ్రి. ఇందలి రహస్యము కొలతలో నున్నది. స్తంభమును తప్పుగుంటలో పెట్టినచో కడపట ఒకటి మిగిలిపోవును. ఉపాధ్యాయిని నోరు విప్పకయే బిడ్డ తన తప్పును తాను తెలిసికొనును.

పేదవాడలో పుట్టిన పద్ధతి కొద్ది యేండ్లలోనే ధనవంతుల యిండ్లకు చేరెను. కొలత తప్పని కొయ్యసామాను చవుకగా రాదు. భారతదేశమున ఆ పేరు పెట్టుకొనిన కొన్ని పాఠశాలలలో సామగ్రి కొనుటయే విద్య యైపోయెను. గాంధీజీ 1931 అక్టోబరులో లండనులోని మాంటిసోరీ శిక్షణాలయమునకు వెళ్లి, ఆమె సమక్షమున ప్రసంగించుచు, 1915లో స్వదేశమునకు వచ్చినపుడు అమ్రేలిలో ఇట్టి చిన్న పాఠశాలను చూచిన సంగతి చెప్పెను. అక్షరము కలదు గాని ఆత్మ లేదనియు, తళుకు ఎక్కువగా కనిపించినదనియు ఆయన యభిప్రాయము. సంపన్నుల బిడ్డలకే గాక నిరుపేదల బిడ్డలకును ఈ శిక్షణ దొరకవలెనను ఆశను ఆయన ఆమె యెదుటనే వెలిబుచ్చెను. పిల్లల ముందర, అతిథి మర్యాదతో చెప్పిన మాటయే గాని, అందులోని ప్రశ్న సూటియైనది.

ఆ ప్రశ్నకు సమాధానము వెదకు పని సౌరాష్ట్రమున అప్పటికే మొదలైయుండెను. గిజూభాయి బధేకా 1885లో జన్మించెను, వృత్తిచేత న్యాయవాది. 1913లో కుమారుడు పుట్టినపుడు ఆ బిడ్డ నెట్లు పెంచవలెనను చింత ఆయనను మాంటిసోరీ గ్రంథములకు చేర్చెను. కోర్టును విడిచి 1916లో భావనగరమున నానాభాయి భట్టు నడుపుచున్న దక్షిణామూర్తి విద్యార్థి భవనమున చేరి, 1920లో అచట బాలమందిరమును స్థాపించెను. మీసములున్న తల్లి యని గుజరాతు ప్రజ ఆయనకు పేరు పెట్టుకొనినది.

గిజూభాయి మాంటిసోరీకి భక్తుడే గాని బంటు కాదు. కల్పనాకథలు పసివారికి తగవని ఆమె తలంచినది. ఆయన మాత్రము గుజరాతీ జానపదకథలను వందలుగా చెప్పి, వ్రాసి, ఆడించెను. ఆమె యుపకరణముల ప్రక్కనే మట్టి, రంగవల్లి, పాట, గర్బా నృత్యము, నాటకము వచ్చి కూర్చున్నవి. పిల్లలు బాల్యముననే చేతులతో వస్తువులను చేయవలెనని ఆయన పట్టుదల. ఆయన 1939 జూనులో మరణించెను. అదే సంవత్సరము నవంబరులో మాంటిసోరీ మదరాసులో దిగెను. గురుశిష్యులు ఒకరి నొకరు కన్నులార చూడలేదు.

భావనగరములోని బాలమందిరమునకు వచ్చినవారు చాలవరకు పట్టణపు మధ్యతరగతి బిడ్డలు. ఆ హద్దును దాటినది తారాబాయి మోదక్. బొంబాయిలో 1892లో జన్మించి, 1914లో పట్టభద్రురాలై, రాజకోటలోని స్త్రీల శిక్షణకళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిన ఆమె ఆ యుద్యోగమును వదలి 1923లో గిజూభాయితో చేరెను. వారిరువురును 1926లో నూతన బాలశిక్షణ సంఘమును ఏర్పరచిరి. 1936లో ఆమె బొంబాయికి తరలి, దాదరులో శిశువిహారమును నడపెను. అదియు పట్టణపు పనియే. 1945లో, తన యేబది మూడవయేట, సముద్రతీరమున నున్న బోర్డి గ్రామమునకు పోయి గ్రామ బాలశిక్షాకేంద్రమును తెరచినపుడే అసలు పరీక్ష వచ్చెను. ఆమెకు తోడుగ వచ్చినది అనుతాయి వాఘ్. పదమూడవయేట పెండ్లియై కొద్ది నెలలలోనే వితంతువై, పిదప స్వయంకృషితో చదువుకొనిన ఉపాధ్యాయిని.

బోర్డిలో బాలవాడి తెరచిరి. హరిజనవాడ బిడ్డలు రాలేదు. పిలిచిరి, రాలేదు. ఊరివారికి అది యిష్టము లేదు, వాడవారికి ధైర్యము లేదు. బడికి బిడ్డ రానపుడు బడియే బిడ్డ యొద్దకు పోవలెనని తారాబాయి నిశ్చయించి, వాడలోని యిండ్ల ముంగిట, చెట్టునీడన, బడిని నడపజొచ్చెను. అంగణమున నడచు బడి కనుక అది అంగన్‌వాడీ. (తెలుగువాని చెవికి అంగన యనగా స్త్రీ, పనిచేయువారందరును స్త్రీలే కనుక ఆ యర్థమును పొసగుచున్నది గాని, పేరు వచ్చినది ముంగిలి నుండియే.) అక్కడికి గులాబిరంగు ఘనములను మోసికొనిపోవుట సాధ్యమా? పోయినను, వర్షము కురిసిన, మేక త్రొక్కిన వాని కొలత యేమగును?

కనుక సామగ్రి ముంగిటనే పుట్టవలసివచ్చెను. సముద్రపుటొడ్డున గవ్వలు, ఆలుచిప్పలు కలవు. వాగులో గులకరాళ్లు కలవు. చెట్లక్రింద గింజలు, ఆకులు, పూవులు, పుల్లలు కలవు. కుమ్మరివాడి మూకుళ్లు కలవు. రాళ్లను చిన్నవి పెద్దవిగ పేర్చుట, గింజలను రంగుబట్టి వేరుచేయుట, ఆకుల యంచులను వ్రేలితో తడవుట, మూతగట్టిన డబ్బాలలో వేరువేరు గింజలు పోసి ఏ రెండును ఒకే విధముగ మ్రోగుచున్నవో చెవితో పట్టుట, కన్నులు మూసి వాసన చూచి పూవుపేరు చెప్పుట, ఇవి ఆ బడి పాఠములు. అన్నిటికంటె ముందు బిడ్డల మొగము కడిగి, తల దువ్వి, గోళ్లు తీయుట. చన్నీళ్లు, గోరువెచ్చని నీళ్లు, సబ్బునురుగు కూడ స్పర్శపాఠమే యని ఇప్పటివారు వివరించి చెప్పుదురు. నాడు అది పరిశుభ్రత మాత్రమే.

1957లో సంస్థ కోస్‌బాడ్ కొండకు తరలినపుడు మరియొక చిక్కు ఎదురయ్యెను. వార్లీ తెగ పిల్లలు ఏడెనిమిదేండ్లకే పశువులను కాయవలెను. వారికంటె చిన్నవారిని చంకనెత్తుకొనవలెను. అందుచేత శిశుసదనము, బాలవాడి, ప్రాథమికశాల ఒకే కప్పు క్రింద నడచునట్లు ఏర్పాటు చేసిరి; పశువుల కాపరులకై బీడులోనే బడిని నడపిరి. అక్క అక్షరము దిద్దుచుండ తమ్ముడు ప్రక్కగదిలో ఇసుకతో ఆడుకొనును. పేదయింటి పెద్దబిడ్డ చదువునకు పసిబిడ్డ యాట ముడిపడియున్నదను సత్యము పట్టణపు శిశువిహారములలో తెలియవచ్చునది కాదు.

ఇంతకును, గులకరాయి గులాబిరంగు ఘనమునకు సాటియగునా? మాంటిసోరీ మార్గమున నిష్ఠగలవారు కాదనిరి. వారి వాదమున కొంత నిజము కలదు. రాళ్ల వరుసలో తప్పు తనంతట బయటపడదు. పరిమాణము తప్ప తక్కిన గుణములన్నియు ఒక్కటిగా నుండుట కొయ్యఘనములకే సాధ్యము. సంఖ్యకు, కొలతకు పునాది వేయుటలో వాని విలువను తీసివేయరాదు. స్పర్శ, ధ్వని, గంధముల మాట వేరు. ఇసుకకాగితము అతికిన పలక గరుకుదనము ఒక్క తీరు. మేడియాకు, పనసతొక్క, ఇటుక, గోనె, ఆవు నాలుక ఒక్కొక్కటి ఒక్కొక్క తీరు. ముంగిలిలో ఉన్నంత గంధవైవిధ్యమును ఏ పెట్టెయు మోయజాలదు. తారాబాయి ఉపకరణమును వదలిపెట్టినదనుట సరికాదు. దేనికి కొలత అవసరమో, దేనికి అనవసరమో విడదీసినది.

చిత్రమేమనగా, మాంటిసోరీయే ఈ దేశమున ఆ వైపునకు కొంత నడచెను. దివ్యజ్ఞాన సమాజపు ఆహ్వానమున అడయారుకు వచ్చి, తాటియాకుల పాకలలో సుమారు మూడువందల మందికి శిక్షణ ఇచ్చుచుండగా, 1940 జూనులో ఇటలీ యుద్ధమున దిగెను. ఆమె కుమారుడు మారియో నిర్బంధింపబడి, రెండు మాసముల తరువాత ఆమె డెబ్బదవ పుట్టినరోజునాటికి విడుదలయ్యెను. 1942 మొదలు 1944 వరకు వారు కొడైకెనాలులో నుండిరి. అచట సింహళదేశపు లీనా విక్రమరత్నే తోడ్పాటుతో, పలు వయస్సుల పిల్లలతో కొండచెరియల చెట్లు, ఆకులు, జంతువులే పాఠముగా కొత్త సామగ్రి రూపొందెను. పుట్టిననాటినుండి మూడేండ్లవరకు గల శిశువు మనస్సును గూర్చి ఆమె భావములు పక్వమైనదియు ఈ దేశముననే. ఆ విషయపు గ్రంథము 1949లో అడయారులోనే అచ్చయ్యెను. తల్లి చంకను వదలక సంతకు, పొలమునకు, పెండ్లికి పోయి అన్నియు చూచుచు వినుచు నుండు భారతీయశిశువు ఆమె యాలోచనను కదలించియుండును.

స్వాతంత్ర్యానంతరము ఈ ముంగిలిబడి పేరు ప్రభుత్వపు దస్త్రములకు ఎక్కెను. అంతకు ముందే, 1969లో, మీరా మహాదేవన్ ఢిల్లీలో కట్టడపు పనులు జరుగుచోట కూలితల్లుల బిడ్డలకై మొబైల్ క్రెషెస్ సంస్థను ప్రారంభించినది. ఇటుకలు, ఇసుక, తట్టలు నడుమ పుట్టిన బిడ్డలకు ఆ ఇసుకయే ఆపద, ఆ ఇసుకయే ఆట. 1975 అక్టోబరు 2వ తేదీన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము 33 బ్లాకులలో మొదలై, క్రమముగా దేశమంతట వ్యాపించి, దాదాపు పదునాలుగు లక్షల కేంద్రములకు అంగన్‌వాడీ యను పేరు నిచ్చినది. పేరు ప్రయాణించినంత సులభముగ పద్ధతి ప్రయాణింపలేదు. పౌష్టికాహారము, టీకాలు, రిజిష్టర్లు కార్యకర్త కాలమును తినివేయుచుండ, బొమ్మలు వచ్చినచోట కూడ పాడగునను భయముచేత పెట్టెలో భద్రపడుట కలదు. 2023లో కేంద్రప్రభుత్వము మూడు మొదలు ఎనిమిదేండ్ల బిడ్డలకై జాదూయీ పిటారా అను బొమ్మల పెట్టెను విడుదల చేసినది. 2024లో మూడేండ్లలోపు శిశువులకై నవచేతన యను ప్రణాళికను వెలువరించినది. ఈ రెండవది ఇంటనే చేయదగు క్రీడలను మాసముల వారిగ చెప్పుచున్నది. పెట్టె కన్న పట్టిక మేలు; పెట్టెకు తాళము వేయవచ్చును.

ఇంట చేసిన బొమ్మకు నిజముగా బలమున్నదా యను సందేహమునకు దూరదేశమునుండి ఒక సాక్ష్యము వచ్చినది. జమైకాద్వీపమున కింగ్‌స్టన్ నగరపు పేదవాడలలో 1986-87 సంవత్సరములలో, ఆహారలోపముచే ఎదుగుదల తగ్గిన 129 మంది శిశువులను పరిశోధకులు ఎన్నుకొనిరి. వారిలో కొందరి యిండ్లకు ఆరోగ్యకార్యకర్తలు రెండేండ్లపాటు వారమునకు ఒక గంట వచ్చి, పారవేసిన డబ్బాలు, సీసాలు, అట్టలు, గుడ్డపేలికలతో చేసిన బొమ్మలతో ఎట్లు ఆడింపవలెనో తల్లులకు చూపి, ఆ బొమ్మలను అచటనే వదలివచ్చుచుండిరి. ఇరువది యేండ్ల తరువాత, 2014లో ప్రకటించిన ఫలితములనుబట్టి, ఆ బిడ్డలు పెద్దవారై సంపాదించుచున్న మొత్తము, అట్టి సహాయము పొందని వారి కంటె నూటికి 25 వంతులు ఎక్కువ. ఆ పద్ధతినే పిదప ఒడిషాలోని కటకము మురికివాడలలోను నడపి చూచిరి. బిడ్డల బుద్ధివికాసమున మేలు కనిపించెను. మేలు చేసినది సీసాయా, సీసాను పట్టుకొని బిడ్డతో మాటలాడిన తల్లియా యని ఎవరైన అడుగవచ్చును. సీసా లేనిచో ఆ మాట పుట్టియుండునా యనుటయు అడుగవలసినదే.

ఆ సీసా గిలక్కాయ తయారు చేయుట కష్టము కాదు. చిన్న ప్లాస్టిక్ సీసాను కడిగి, చెమ్మ లేకుండ ఆరబెట్టి, లోపల నాలుగు రంగురంగుల గింజలో, గుండీలో వేసి, మూతను బిగించి జిగురుతో అతికి, పైన గుడ్డ చుట్టి కుట్టవలెను. మూత ఊడినచో అది బొమ్మ కాదు, ఆపద. నోటిలో దూరునది కారాదని చరకుడు చెప్పినది ఇందులకే. రెండునెలల బిడ్డ చెవియొద్ద మెల్లగ ఆడించినచో కన్ను త్రిప్పును. ఆరునెలల బిడ్డ తానే పట్టుకొని ఆడించును. సంవత్సరము నిండినవాడు నేలమీద దొర్లించి దాని వెంట పోవును. భారతదేశమున 2021 జనవరి 1వ తేదీనుండి అమ్మకపు బొమ్మలకు ప్రమాణముద్ర తప్పనిసరియైనది; నమోదైన చేతివృత్తుల వారిని మినహాయించిరి. తల్లి తన బిడ్డకై చేసినది అమ్మకపు వస్తువు కాదు కనుక ఏ ముద్రకును లోబడదు. దానిని లాగి, కొరికి, నేలకు కొట్టి పరీక్షింపవలసినది ఆమెయే.

2017 ఆగస్టులో అరకాను ప్రాంతమునుండి ఏడులక్షల మందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశములోని కాక్స్ బజారు శిబిరములకు పారిపోయి వచ్చిరి. బ్రాక్ సంస్థ అచట వెదురుగుడిసెలలో పసిబిడ్డల యాటగదులను తెరచినపుడు కొనితెచ్చిన బొమ్మలతోనే నింపక, ఆ ప్రజలలో ఎట్టి ఆటలు, ఎట్టి పాటలు ఉండెడివో పెద్దలను అడిగినది. కబ్బియా యను వారి పసిపాటలు మరల వినవచ్చినవి. గుడ్డపేలికలతో, వెదురుతో, కాగితముతో బొమ్మలు తయారైనవి. ఇల్లు, పొలము, ఊరు పోగొట్టుకొని వచ్చిన స్త్రీలు ఆ గుడిసెలలో నేలమీద కూర్చుండి, బిడ్డలు చూచుచుండగా, తమ చిన్ననాటి బొమ్మలను జ్ఞప్తికి తెచ్చుకొని కుట్టసాగిరి.